కొత్తగా బాధ్యత తీసుకున్న నీకు

అమ్మా,

దేశం మొత్తం మీద చదువులు ఎలా సాగుతున్నాయో కొలిచే విభాగం నీ చేతికి వచ్చిందని రాశావు. చాలా సంతోషం వేసింది. ఈ పనిలోనే తల నెరిసినదాన్ని, అందుకని అన్నిటికంటే ముందు ఈ మాట: నువ్వు పెట్టే పరీక్ష వల్ల ఏ బడికీ, ఏ టీచరుకీ శిక్ష పడకూడదు.

మేము ఒకసారి బడులవారీగా ర్యాంకులు ప్రకటించాం. తర్వాతి ఏడు సగటు మార్కులు పెరిగాయి, సంబరపడ్డాం. హాజరు పట్టీలు తెప్పించి చూస్తే, చదువులో వెనకబడ్డ పిల్లలు చాలామంది ఆ రోజు రాలేదు. రావద్దని చెప్పారట. ఎవరి కోసం కొలుస్తున్నామో వాళ్లే లెక్కలో లేకుండా పోయారు! తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే నమూనా సర్వే చాలు. చాలా దేశాల పిల్లల చదువును పోల్చే అంతర్జాతీయ పరీక్ష పీసా కూడా కొన్ని బడుల్లో, కొందరు 15 ఏళ్ల పిల్లలకే పెడతారు. ఒక్కొక్కరికి మొత్తం ప్రశ్నల్లో కొంత భాగమే ఇస్తారు. అయితే అందులో 7వ తరగతి, ఆపైన చదువుతున్నవాళ్లే ఉంటారు. బడి మానేసినవాళ్లు కనపడరు. నీ నివేదికలో వాళ్ల సంఖ్య మొదటి పేజీలోనే ఉండాలి.

కొన్ని ప్రశ్నలు బయటికి పొక్కకుండా దాచి, మళ్లీ మళ్లీ వాడు. అన్నీ మార్చేస్తే పిల్లలు మెరుగయ్యారో, పేపరు తేలికైందో తేల్చలేవు. పైనుంచి ఎంత టెన్షన్ పెట్టినా అవి మాత్రం ఇవ్వకు.

2001 డిసెంబరులో మొదటి పీసా ఫలితాలు వచ్చాయి. చదవడంలో దేశాల సగటు 500 అయితే జర్మనీకి 484. దేశమంతా ఉలిక్కిపడింది. 2003, 2004లలో అక్కడి రాష్ట్రాలన్నీ కలిసి, ఏ దశలో పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలో ఉమ్మడి ప్రమాణాలు రాసుకున్నాయి. వాటిని గమనించడానికి బెర్లిన్‌లో ఒక సంస్థ పెట్టాయి. 2012కి స్కోరు 508 అయింది. 2022లో మళ్లీ 480కి జారింది. ఒకసారి బాగుపడింది కదా అని కన్ను తిప్పుకోవద్దు.

ఇక నివేదిక. సగటులు, శాతాలు టీచరుకు పనికిరావు. మూడు వందల ఐదు రాయమంటే ఎంతమంది 3005 అని రాశారో, ఎందుకలా రాస్తారో చెప్పు. అది చదివిన టీచరు మర్నాడే పాఠం మార్చుకుంటారు. చిత్తుప్రతిని పైవాళ్లకు పంపేముందు ఐదుగురు టీచర్ల చేత చదివించు. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ తిరగరాయి. ఒక కాపీ నాకూ పంపు, ఓపిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ