మీ నాన్న "ఏం లేదక్కా" అన్న రోజు

పాపా,

నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేసి నీకు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, డ్రైవర్ లేని కార్లలో కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పకుండా కారు కదలికను అదుపు చేసే కంట్రోలర్ తయారు చేస్తావటనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకటే నవ్వు. ఎందుకు నవ్వాడో నీకు తెలియదు, నాకు తెలుసు. నాకైతే సంతోషం సగం, భయం సగం, రాత్రంతా నిద్ర లేదు. కడపలో రాయచోటి బస్సెక్కితే గువ్వలచెరువు ఘాట్ దాటేలోపే రెండు కవర్లు నింపేదానివి, నువ్వు వాంతుల మీద పరిశోధనా!

మామూలు సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తా. గైడుతో గొడవ పెట్టుకోకు, రాసింది రోజూ సేవ్ చేసుకో, మందపాటి స్వెట్టర్ కొనుక్కో.

చదువు విషయానికొస్తే, ప్రయాణంలో వచ్చే వికారం మీద 1990లో చార్లెస్ ఓమన్ రాసిన పేపర్‌తో మొదలుపెట్టు. మనం క్లాసులో బోర్డు మీద గీసే అబ్జర్వరే, అంటే ఏం జరగాలో ముందే లెక్కకట్టి కొలతతో పోల్చి చూసుకునే నమూనాయే, మెదడులో ఉందనుకో అంటాడు. శరీరం ఇలా కదలాలి అని మెదడు ఒక లెక్క వేసుకుంటుంది, చెవి లోపలి సెన్సర్లు ఇంకోటి చెబుతాయి, ఆ తేడా పేరుకుంటే వికారం. స్టీరింగ్ పట్టుకున్నవాడికి వాంతి ఎందుకు రాదో దీంతో తేలిపోతుంది, ఇన్‌పుట్ ఇచ్చేది వాడే కదా. ఇంకోటి, గతుకుల రోడ్డు మీద ఒళ్లు హూనం చేసే కుదుపు 4 నుంచి 8 హెర్ట్జ్ దగ్గర ఉంటే, కడుపులో తిప్పేది మాత్రం 0.2 హెర్ట్జ్ దగ్గర. అంటే 5 సెకన్లకు ఒక ఊపు, ఓడ ఊగినట్టు. రెండూ ఒకటే అనుకుని ఫిల్టర్ పెట్టావంటే కొలతల్లోంచి అసలు రోగాన్నే కడిగేస్తావు.

1994లో ఎం.టెక్ ప్రాజెక్టు చేసేటప్పుడు నేను ఇవేవీ చదవలేదు. చదవకుండానే తెలివి ఎక్కువైంది. మలుపులో మనిషి బయటికి తూలుతాడు, ఆ తూలడం వల్లే వాంతి, సీటును లోపలికి వంచితే తూలడమే ఉండదు, ఇదీ నా సిద్ధాంతం. 35 మీటర్ల వంపులో 30 కిలోమీటర్ల వేగంతో పోతే సీటు 11 డిగ్రీలు వంగాలి. అడిగి తెచ్చుకున్న జీపు, పాత లారీ వైపర్ మోటారు, సెన్సర్ ఒకటి. నెల రోజులు ట్యూన్ చేశాను. సీటులో కూర్చోడానికి ఎవరూ దొరక్క పదిహేడేళ్ల తమ్ముణ్ణి, అంటే మీ నాన్నను, గువ్వలచెరువు పాలకోవా కొనిస్తానని ఆశపెట్టి తీసుకుపోయాను.

మొదటిసారి ఎక్కేసరికే చెమటలు. "ఎట్లుందిరా?" అంటే "ఏం లేదక్కా." నా కళ్లేమో గ్రాఫ్ కాగితం మీద. పక్కకు తోసే త్వరణం సున్నా, గీత గీసినట్టు సున్నా! ఆ గీత చూసి నేను మురిసిపోతున్నా. కిందికి దిగాం, పావుకేజీ కోవా తినిపించాను, పది నిమిషాలు ఆగి మళ్లీ ఎక్కించాను. మూడోసారికి పెదాలు తెల్లబడ్డాయి. మళ్లీ అడిగాను, కిటికీ వైపు తిరిగి "ఏం లేదక్కా" అన్నాడు. వారంలో నేను రిపోర్టు ఇవ్వాలని వాడికి తెలుసు. నాలుగోసారి మలుపులో నా సర్క్యూట్ మీదే కక్కేశాడు. కోవా అంగడి బల్ల మీద పడుకోబెడితే ఆ అంగడాయన ఉప్పు మజ్జిగ ఇచ్చాడు, అదీ నిలవలేదు. రాత్రికి సెలైన్. మా నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మీ నాన్నకు తీపి గిట్టదని కదా నువ్వనుకునేది? తీపి కాదు పాపా, కోవా. వికారానికి ముందు తిన్నది మనసులో విషంగా ముద్రపడిపోతుందని 1955లోనే జాన్ గార్సియా ఎలుకల మీద చూపించాడు. నేను తమ్ముడి మీద చూపించాను.

తర్వాత లైబ్రరీలో చూస్తే, 1981 డిసెంబర్‌లో బ్రిటన్ వాళ్ల ఒరిగే రైలులోనూ ఇదే జరిగిందట. మలుపు తోపును పూర్తిగా సున్నా చేస్తే జనానికి వికారం, కొంత తోపు వదిలేస్తే నయం. సీటుకు సున్నా అయినా, సీటు వంగడం చెవిలోని అర్ధవృత్త నాళాలకు తెలుస్తుంది, కళ్లకు కొండ ఒరిగినట్టు కనిపిస్తుంది. పది నిమిషాల విరామం ఇంకో బుద్ధితక్కువ పని. ఒకసారి తిరిగిన కడుపు రెండోసారి ఇంకా త్వరగా తిరుగుతుంది. ఒక మనిషికి రోజుకు ఒక్క పరీక్ష, అంతే.

ఇంకోటి ఇప్పటికీ గుచ్చుతుంది. రెండోసారి ఎక్కేటప్పుడు జీపు డ్రైవర్ ప్రతి మలుపుకూ ముందే "ఎడమ... కుడి..." అని చెబుతూ పోయాడు. ఆ ఒక్క ట్రిప్పులో మీ నాన్న బాగానే ఉన్నాడు. లెక్కలో కలవలేదని దాన్ని కొట్టేశాను. మలుపు గురించి ప్రయాణికుడికి ముందే చెబితే వికారం తగ్గుతుందని ఇప్పుడు ప్రయోగాలు చేస్తున్నారు చూడు! నన్నడిగితే సీటు వంచే మోటారు కన్నా ఆ డ్రైవర్ గొంతే మంచి కంట్రోలర్.

అందుకని సీటులో కూర్చున్నవాళ్లను నిమిషానికోసారి నంబర్ అడుగు. వికారాన్ని కొలిచే మిస్క్ స్కేలులో 0 నుంచి 10 దాకా ఉంటుంది, 6 అంటే వికారం మొదలైనట్టు, 10 అంటే వాంతి. 6 రాగానే ఆపెయ్, గ్రాఫ్ ఎంత అందంగా వస్తున్నా సరే. ఎవరైనా ముందే వాంతులు ఆపే అవోమిన్ లాంటి మాత్ర మింగి వచ్చారేమో అడుగు. నీ మీద అభిమానంతో కూర్చునేవాళ్లను, నీ స్నేహితురాలినో జూనియర్‌నో, అస్సలు కూర్చోబెట్టకు. వాళ్లు నిజం చెప్పరు. నువ్వు కూర్చోవద్దంటే వింటావా, వినవు. కనీసం ఖాళీ కడుపుతో కూర్చోకు తల్లీ, పక్కన ఒకరుండేలా చూసుకో. విమానంలో రెక్కల దగ్గర సీటు అడుగు, అక్కడ ఊపు తక్కువ.

బెంగళూరు ఎయిర్‌పోర్టుకు కారులో తనే వచ్చి దింపుతానంటున్నాడు మీ నాన్న. రాయచోటి మీదుగానే కదా, ఘాట్ వస్తుంది. వెనక సీటులో కూర్చోబెట్టకు, స్టీరింగ్ ఆయనకే ఇవ్వు. అలసిపోయి నీకిచ్చాడంటే ముందు సీటులో పెట్టి, ప్రతి మలుపుకూ ముందే ఎడమో కుడో చెప్పు. నంబర్ అడిగితే సున్నా అంటాడు. నువ్వు మొహం చూడు.

మీ అత్త