బిర్యానీ కేలరీలు తర్వాత, ముందు ఆ సగం మాత్ర సంగతి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రోజూ ఉదయం వేసుకుంటాను. బరువు తగ్గాలని రెండు నెలలుగా ఫోన్ యాప్‌లో కేలరీలు రాసుకుంటున్నాను. ఇంటి తిండికి ఇబ్బంది లేదు. ఆదివారం తెచ్చుకునే చికెన్ బిర్యానీకి మాత్రం ఒక యాప్ 450 అంటే ఇంకోటి 900 అంటోంది. ఏది నమ్మాలి? లెక్క సరిపోవాలని ఆ రోజు టిఫిన్ మానేస్తాను. సాయంత్రం ఇంకో సగం మాత్ర వేసుకుంటాను. మధ్యాహ్నం పార్శిల్ కోసం బండి మీద వెళ్తుంటే ఒక్కోసారి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి, ఆకలికే అనుకుంటా. మండీ అయితే కేలరీలు తక్కువా?

జవాబు: ఉత్తరమంతా కేలరీల గురించి రాసి, అసలు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ చెమటలు, వణుకు ఉత్త ఆకలి కాకపోవచ్చు. మీరు తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ తన పని తాను చేస్తుంది, ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మాత్ర వేసుకుని టిఫిన్ మానేస్తే షుగర్ 70 కన్నా కిందికి జారిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో ఇది అరుదు. మీది రెండూ కలిసిన మాత్ర. పైగా అప్పుడు మీరు ఉండేది బండి మీద!

మళ్లీ అలా అనిపిస్తే వెంటనే బండి పక్కకు ఆపండి. గ్లూకోమీటర్ ఉంటే చూసుకోండి. లేకపోతే దానికోసం ఆగకుండా మూడు చెంచాల గ్లూకోజ్ పొడో చక్కెరో నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ తాగండి. తగ్గాక ఏదైనా తిని, పూర్తిగా కుదురుకున్నాకే బండెక్కండి. ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి: స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

ఇక ఆ సగం మాత్ర. ఎవరు చెప్పారో రాయలేదు. ఓపీలో ఇలాంటివాళ్లను చూస్తూనే ఉంటాను. పెళ్లిభోజనానికి ఒకటి ఎక్కువ, ఉపవాసానికి ఒకటి తక్కువ. మాత్ర అంటే తిన్నదానికి కట్టే జరిమానా కాదండీ. బిర్యానీలో నూనె ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది, మూడు నాలుగు గంటల తర్వాత కూడా షుగర్ పెరుగుతూ ఉండొచ్చు. అది చూసి సాయంత్రం అదనంగా వేసుకున్న మందు రాత్రి నిద్రలో కూడా పనిచేస్తుంటుంది. అప్పుడు షుగర్ పడిపోతే మీకు తెలివి రాకపోవచ్చు. ఇంకోటి, స్ట్రిప్ మీద ఎస్‌ఆర్ అని ఉంటే అలాంటి మాత్రలను సాధారణంగా విరవకూడదు. గంటల తరబడి కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒకేసారి దిగుతుంది.

మిమ్మల్ని చూడకుండా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియకుండా డోసు గురించి నేనేమీ చెప్పలేను. మీరూ సొంతంగా మార్చుకోకండి. ఈ వారంలోనే మందు రాసిన డాక్టర్‌ను కలవండి. రెండు నెలలుగా తిండి తగ్గించానని ఆయనకు చెప్పారా? బరువు తగ్గేకొద్దీ మాత్ర కూడా తగ్గించాల్సి రావచ్చు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి మూడు నెలలు దాటితే అదీ చేయించండి.

యాప్‌ల విషయానికొస్తే, రెండూ ఊహించేవే. వంటవాడు ఎంత నూనె పోశాడో ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? పార్శిల్‌లో మీరు తినే అన్నం వంటింటి కాటా మీద పెట్టి చూడండి. ఉత్త అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. 300 గ్రాములు తింటే 390. టేబుల్‌స్పూన్ నూనెకు దాదాపు 120, తక్కువలో తక్కువ రెండు వేసుకోండి. చికెన్ ముక్కలకు ఒక 200. అప్పుడే 800 దాటింది. సాలన్ ఇంకా లెక్కలోకి రాలేదు, అందులో పల్లీలు, నువ్వులు, నూనె ఉంటాయి. కాబట్టి 900 అని రాసుకోండి. వంద అటూ ఇటూ అయితే కొంప మునగదు. పక్కన 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ తాగారో, ఇంకో 30 గ్రాముల చక్కెర.

పది, అంతకన్నా ఎక్కువ బ్రాంచీలున్న హోటళ్లు మెనూలో కేలరీలు వేయాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2022 జులై నుంచి అమల్లో ఉంది. ఆ అంకె ఒక సర్వింగ్‌కు. మీ పార్శిల్ డబ్బాలో రెండు సర్వింగ్‌లు ఉండొచ్చు, చూసుకోండి. లెక్క కలవాలని టిఫిన్ మాత్రం మానకండి. రెండు ఇడ్లీలైనా తిని, బిర్యానీలో సగం ఫ్రిజ్‌లో పెట్టండి.

మండీ కూడా మాంసం, అన్నం, కొవ్వే, తేడా పెద్దగా ఉండదు. పైగా నలుగురూ ఒకే పళ్లెంలో తింటారు, ఎవరి పొట్టలోకి ఎంత వెళ్లిందో ఎవరికీ తెలియదు. మీ వాటా ముందే వేరే ప్లేటులోకి తీసుకోండి, స్నేహితులు నవ్వినా సరే.