ర్యాప్ పాడేవారు నటనలో నిలదొక్కుకోగలరా?

కావలి నుంచి ఒక తమ్ముడు వేసిన ప్రశ్న ఇది. తప్పకుండా నిలదొక్కుకోగలరు. అమెరికా ర్యాపర్ ఐస్-టీనే చూడండి.

1987లో తొలి ఆల్బమ్‌తో లాస్ ఏంజెలెస్ వీధుల బతుకును వినిపించిన ఆయన, 1991లో 'న్యూ జాక్ సిటీ' సినిమాలో పోలీసు డిటెక్టివ్‌గా కనిపించారు. మరుసటి ఏడాది ఆయన రాక్ బృందం బాడీ కౌంట్ పాడిన ఒక పాట పోలీసులపై హింసను రెచ్చగొడుతోందంటూ దేశమంతా దుమారం రేగింది. చివరికి ఆ పాటను ఆల్బమ్ నుంచి ఆయనే తీయించారు. అలాంటి మనిషి 2000 నుంచి 'లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ' టెలివిజన్ ధారావాహికలో డిటెక్టివ్ ఫిన్ టుటువోలాగా నటిస్తున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే!

ఆయన బలమంతా మాట విరుపులో ఉంది. చిన్న వాక్యం, క్షణం విరామం, ఆ తర్వాత సూటిగా ఒక్క మాట. ర్యాప్‌లో ఊపిరి పట్టడం, తాళం తప్పకపోవడం అలవాటైన గొంతు అది. నెల్లూరు టౌన్‌హాలులో పద్యనాటకం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: రాగం ఎక్కడ ఆపి మాట ఎక్కడ అందుకోవాలో తెలిసిన నటుడికే చప్పట్లు. మన బాలసుబ్రహ్మణ్యం గారూ పాట నుంచే నటనకు, 'పాడుతా తీయగా'తో టెలివిజన్‌కు వచ్చారు కదా.

నటన కోసం ఐస్-టీ సంగీతాన్ని వదల్లేదు. 2021లో బాడీ కౌంట్ గ్రామీ అందుకుంది.