నీ సగం కోడలి పేర రాసే ముందు

నాన్నా,

చెన్నై వేళచ్చేరి ఫ్లాట్‌లో నీ సగాన్ని మా కోడలి పేర, అంటే నీ భార్య పేర రాస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను. బతికుండగానే ఇల్లాలికి ఇల్లు రాయాలన్న బుద్ధి అందరికీ పుట్టదు. అయితే "నెట్‌లో నమూనా దొరికింది, పేర్లు మార్చి నోటరీ చేయిస్తే సరిపోతుంది" అన్నావట. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. ఓపిగ్గా చివరిదాకా చదువు.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. ఇల్లూ వాకిలీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలంటే రిజిస్టరైన పత్రం, నీ సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండి తీరాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెప్పేది ఇదే.

పెరంబూరు ఇంటి సంగతి నీకు పూర్తిగా తెలియదు, నువ్వప్పటికి చిన్నవాడివి. ఆ ఇల్లు మీ పెద్ద మామయ్య, ఆయన తమ్ముడు చెరి సగంగా కొన్నారు. మామయ్య ఒక స్టాంపు కాగితం మీద "నా సగం నేటి నుంచి నా భార్యదే" అని రాసి, నోటరీ చేయించి, బీరువాలో పెట్టాడు. తన పని అయిపోయిందనుకున్నాడు పాపం. ఆయన పోయాక ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు. "నా తదనంతరం" అని సాక్షులతో రాసి ఉంటే వీలునామాగానైనా అడగడానికి ఉండేది. "నేటి నుంచి" అన్నాడు కాబట్టి అది దానం. రిజిస్టర్ కాని దానం చెల్లదు.

అప్పుడు ఆ సగం 1956 హిందూ వారసత్వ చట్టం లెక్కలోకి పోయింది. భార్య, కొడుకు, కూతురు, తల్లి, నలుగురికీ సమానం. ఇల్లు మొత్తం నూరు వంతులనుకుంటే మీ పెద్దత్తకి రావాల్సిన యాభైలో వచ్చింది పన్నెండున్నర. మామయ్య ఉన్నప్పుడు ఇల్లు తన పేర లేకున్నా నిశ్చింతగా ఉన్న మనిషి, ఆయన పోయాక ఇంట్లో ప్రతి గదికీ లెక్క చెప్పాల్సిన స్థితికి వచ్చింది. తర్వాత ఆమె అత్తగారు, అంటే మామయ్య తల్లి, వీలునామా లేకుండా పోయారు. ఆవిడ పన్నెండున్నర ఆవిడ పిల్లలకీ, పోయిన కొడుకు పిల్లలకీ మళ్లీ ముక్కలైంది. అమ్ముదామంటే మరిది సంతకం, ఆడపడుచుల సంతకాలు కావాలి. కూతురు మైనరు, ఆ పిల్ల వాటా తల్లి అయినా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. ఒక్క ఆడపడుచు సంతకం పెట్టనంటే కొనేవాడు బయానా వెనక్కి తీసుకుపోయాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. కాగితం సరిగ్గా లేకపోతే మంచివాళ్లకీ మాటా మాటా వస్తుంది.

నీకూ అమ్మ ఉంది, భార్య ఉంది, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. అర్థమైంది కదూ నా భయం? నీ వయసువాడికి ఇలాంటి మాటలు రాయడం నాకు కష్టంగా ఉంది. అయినా రాయాలి.

నువ్వు రాయించాల్సింది సెటిల్‌మెంట్ పత్రం, అంటే ఇంట్లోవాళ్లకి డబ్బు తీసుకోకుండా ఆస్తి రాసిచ్చే పత్రం. తమిళనాడులో భార్యకి రాస్తే స్టాంపు డ్యూటీ విలువలో 1 శాతం, 40,000 దాటదు. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, 10,000 దాటదు. 2023 జూలై ముందు ఈ హద్దులు 25,000, 4,000. నీ సగం గైడ్‌లైన్ విలువ, అంటే ప్రభుత్వం కట్టిన విలువ, 30 లక్షలనుకో: 30,000 ప్లస్ 10,000, మొత్తం 40,000. అదే అమ్మకం పత్రమైతే 7 శాతం స్టాంపు డ్యూటీ ఒక్కటే 2,10,000. అనవసరంగా ఆ దారి పట్టకు.

ఇక షెడ్యూల్, అంటే పత్రంలో ఆస్తి వివరాలు రాసే భాగం. తప్పులన్నీ ఇక్కడే దొర్లుతాయి. మీరు కొన్నప్పుడు బిల్డర్ రిజిస్టర్ చేసింది యూడీఎస్, అంటే స్థలంలో విడదీయని వాటా మాత్రమే, ఫ్లాట్‌కి కట్టడం ఒప్పందం వేరే. కాబట్టి పత్రంలో రెండూ రావాలి: యూడీఎస్‌లో నీ సగం, కట్టడంలో నీ సగం. మొత్తం యూడీఎస్ 480 చదరపుటడుగులైతే నువ్విచ్చేది 240. 480 అని రాస్తే నీది కానిది ఇచ్చినట్టు. ఉత్త ఫ్లాట్ నంబరు రాసి వదిలేస్తే స్థలం సంగతి తేలదు. కారు పార్కింగ్ మరిచిపోకు. నాలుగు హద్దులూ, సర్వే నంబరూ పాత పత్రం చూసి అక్షరం అక్షరం పోల్చు.

పేర్లు ఇంకో తలనొప్పి. మన ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉంటుంది. ఇక్కడివాళ్లు ఇనీషియల్ అంటే తండ్రి పేరనుకుని రాసేస్తారు. కొన్న పత్రంలో ఎలా ఉందో అలాగే రాయించి, మిగతా రూపాలు కూడా నీవేనని ఒక వాక్యం పెట్టించు. కోడలి పేరు పెళ్లి తర్వాత మారింది, అదీ రాయించు. ఇంకొకటి, నీకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పత్రం ఇంగ్లీషులో రాయించుకో, లేదా చదివి చెప్పించుకున్నాకే సంతకం పెట్టు.

బ్యాంకు లోను ఇంకా ఉందిగా. ముందు వాళ్ల రాతపూర్వక సమ్మతి తీసుకో. నీ వాటా ఆమెదైనా ఈఎంఐ బాధ్యత నీ మీద నుంచి పోదు. లోను తీరాక తనఖా రద్దయినట్టు రసీదు పత్రం రిజిస్టర్ చేయించు, లేకపోతే ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీలూ అప్పులూ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఆ భారం అలాగే కనిపిస్తుంది. నీకు వేరే అప్పులుంటే అవి ఎగ్గొట్టడానికే రాశావని అప్పులవాళ్లు కోర్టుకెక్కగలరు. ఉంటే దాచకుండా వకీలుకి చెప్పు.

కోడలు ఈ దానాన్ని స్వీకరించినట్టు పత్రంలోనే రాసి సంతకం పెట్టాలి, అదీ నువ్వు బతికుండగానే జరగాలి. ఒకసారి రిజిస్టరయ్యాక నీ అంతట నువ్వు వెనక్కి తీసుకోలేవు. కోపంలోనో, తొందరలోనో చేసే పని కాదు. పన్ను సంగతికొస్తే, భార్యకిచ్చిన దానం ఆమెకి ఆదాయం కాదు. కానీ ఇల్లు అద్దెకిస్తే ఆ సగం అద్దె నీ ఆదాయంలోనే లెక్క, అమ్మినా ఆ సగం లాభం నీ ఖాతాలోకే వస్తుంది. పన్ను తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట మరిచిపో.

సంతకం పెట్టిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి. అదే వారంలో ఇచ్చెయ్యి. అయ్యాక కొత్త ఈసీ తీసి కోడలి పేరు ఎక్కిందో లేదో చూడు. ఆ తర్వాత కార్పొరేషన్ ఆస్తి పన్ను, మెట్రోవాటర్ (నీటి బోర్డు), కరెంటు కనెక్షన్, అసోసియేషన్ రిజిస్టరు ఒక్కొక్కటీ మార్పించు.

మీ అమ్మకి ఈ పని గురించి నువ్వే కూర్చుని చెప్పు, ఇంకొకరి నోట విననివ్వకు. చిత్తుప్రతి తయారవగానే పాత పత్రంతో పాటు నాకు పంపు, షెడ్యూల్ నేనొకసారి చూస్తాను. తేదీ ఖాయమైతే సాక్షిగా నేనే వస్తాను, ఆధార్ ఒరిజినల్ పట్టుకొస్తాను. రెండో సాక్షిని నువ్వు చూసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న