మా పెరట్లో నాపరాళ్ళు పరిచాం, ఏసీ నీళ్ళ పైపు కూడా అక్కడికే వదిలాం. రాళ్ళ మీద పాచి పోవాలంటే యాసిడ్ పోయవచ్చా?

వద్దండి. మీవి నాపరాళ్ళంటున్నారు కాబట్టి అసలే వద్దు. ఎవరు చెప్పినా సరే, బాత్రూమ్ యాసిడ్ సీసాని వాటి దగ్గరికి రానివ్వకండి.

మా అమ్మ వాళ్ళిల్లు కోనసీమలో. చుట్టూ కొబ్బరిచెట్ల నీడ, పక్కనే పంట కాలువ. జూన్‌లో పట్టిన తడి కార్తీకం దాటేదాకా ఆరదు. వంటింటి గుమ్మం నుంచి బావి దాకా కడప రాళ్ళు పరిచారు. ఓ వానాకాలం మా అత్తయ్య నీళ్ళబిందెతో వస్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇంట్లో అందరికీ టెన్షన్. నాన్న వెంటనే ఒక మేస్త్రీని పిలిపించారు. అతను యాసిడ్ క్యాన్ తెచ్చి, నీళ్ళయినా కలపకుండా రాళ్ళ మీద గుమ్మరించాడు. బుసబుసమని నురగ పొంగింది. ఆ ఘాటుకి అమ్మ దగ్గుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయింది. "చూశారా, పాచి ఎలా ఉడికిపోతోందో" అన్నాడు మేస్త్రీ. నిజానికి అక్కడ కరిగిపోతున్నది రాయి. నాపరాళ్ళని మనం పరిచే కడప రాయి, తాండూరు బండ, బేతంచెర్ల రాయి, అన్నీ సున్నపురాయి జాతివే. యాసిడ్ తగిలితే కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ నురగ అదే. సాయంత్రానికి నల్లటి రాళ్ళు బూడిద రంగుకి తిరిగాయి, తడిమితే గరుకుగా సన్నసన్న గుంటలు తగిలాయి. ఆ గుంటల్లో తడి నిలిచి, మరుసటి ఏడు పాచి ఇంకా మందంగా పట్టింది. డబ్బులు తీసుకున్న మేస్త్రీ మళ్ళీ మా వీధిలో కనబడలేదు.

అప్పటినుంచి ఆ పని నేనే చూసుకుంటున్నాను. వాన తెరిపిచ్చాక, మందంగా లేచిన నాచుని ముందు పాత తాపీతో గీకేస్తాను. నాచుకి నిజమైన వేళ్ళుండవు, తడి మీద సులువుగానే లేస్తుంది. తర్వాత బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కలిపి, పైన తేరిన నీళ్ళు మాత్రం రాళ్ళ మీద పోస్తాను. అడుగు మడ్డి పోస్తే తెల్ల మరకలు పడతాయి. కాసేపు నాననిచ్చి, చేతులకి గ్లవ్స్ వేసుకుని గట్టి బ్రష్‌తో రుద్ది కడిగేస్తాను. మొక్కల మొదళ్ళలోకి ఆ నీళ్ళు పోనివ్వను. బావి గట్టు దగ్గర మాత్రం బ్లీచింగ్ వాడను, ఉత్త ఈనెల చీపురే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ అస్సలు పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఇంటర్‌లాక్ ఇటుకలున్నవాళ్ళు ప్రెషర్ వాషర్‌తో కొట్టించేస్తున్నారు. సందుల్లో ఇసుక కొట్టుకుపోయి ఇటుకలు కదులుతాయి. కడిగించాక మళ్ళీ ఇసుక నింపుకోవాలి.

ఎంత రుద్దినా నీళ్ళు ఆగకపోతే పాచి ఆగదు, నా అనుభవంలో అసలు సంగతి ఇదే. మా ఇంట్లో ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళు రోజూ ఆ రాళ్ళ మీదే పడేవి. ఆ పైపుని అరటి మొక్కల వైపు తిప్పాం, ఎండకి అడ్డొచ్చే జామకొమ్మలు కొట్టించాం. పాచి సగానికి సగం తగ్గింది. ఈ రోజుల్లో రాళ్ళు పరిచేటప్పుడు వాటం గురించి అడిగేవాళ్ళే లేరు. నీళ్ళు ఎటు పోతాయో చూడకుండా బల్లపరుపుగా పరిచేసి పోతారు. పైగా కొత్త ఇళ్ళల్లో గుమ్మం బయట కూడా అద్దాల్లాంటి టైల్స్! వాటి మీద పాచి పట్టనక్కర్లేదు, నాలుగు చినుకులు పడితే చాలు, పెద్దవాళ్ళు జారిపడడానికి.

మీ ఏసీ నీళ్ళ పైపు పెరట్లోకే వదిలామని రాశారు కదా. బ్రష్ కొనేముందు దాన్ని కాలువలోకి తిప్పించండి. రాళ్ళు నాలుగు రోజులు ఎండాక ఎంత పాచి మిగిలిందో చూసి, దాన్ని బట్టి రుద్దుకోండి.