చైనా పాత నవలల్లో రాణుల జీవితం కూడా సీరియల్స్‌లో చూపించినట్టే ఉంటుందా?

నేను చదివినంతలో, ఉండదండీ. నేనూ సవతుల కుట్రలు, విషప్రయోగాలు దొరుకుతాయనే 18వ శతాబ్దపు నవల ‘హోంగ్ లౌ మెంగ్’ మొదలుపెట్టాను. ఎర్ర మేడ కల అని అర్థం. అందులో జియా వారి పెద్దమ్మాయి యువాన్‌చున్ చక్రవర్తి రాణుల్లో ఒకతె. రచయిత త్సావ్ షుయెచిన్ ఆమె అంతఃపురం గడప కూడా మనల్ని తొక్కనివ్వడు. మొదటిసారి విసుగొచ్చి పేజీలు తిప్పేశాను. రెండోసారి చదివినప్పుడే ఆమె పుట్టింటికొచ్చిన రాత్రి దగ్గర ఆగిపోయాను.

ఆ ఒక్క రాత్రి కోసం పుట్టింటివాళ్ళు పెద్ద తోటే కట్టిస్తారు. చైనావాళ్ళ లాంతర్ల పండుగ రోజు తెల్లవారకముందే ముస్తాబై వీధిలో నిలబడతారు. తీరా గుర్రం మీద ఒకడొచ్చి, భోజనం, బుద్ధుడి పూజ, చక్రవర్తి విందు అన్నీ అయ్యాక రాత్రి ఏడింటికిగానీ రాణీగారు బయల్దేరరని చెప్పి పోతాడు! చివరికి సేవకులు రొప్పుతూ పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొడతారు. పల్లకీ వస్తోందని సైగ.

లోపలికెళ్ళాక నాయనమ్మకి మనవరాలిగా దండం పెట్టబోతుంది. వద్దు వద్దంటూ పెద్దవాళ్ళే ఆమె ముందు మోకరిల్లుతారు. ఇది చెబితే మా అమ్మ, ‘అయ్యో, కూతురికి తల్లి మొక్కడమేంటే!’ అంది. యువాన్‌చున్ ఒక చేత్తో నాయనమ్మని, ఇంకో చేత్తో అమ్మని పట్టుకుంటుంది, ముగ్గురూ మాటల్లేకుండా ఏడుస్తారు. మనిషన్నవాళ్ళని చూడలేని చోటికి నన్ను పంపేశారు కదా అని అక్కడే అనేస్తుంది. అంతమందిలో అనడానికి ఎంత ధైర్యం కావాలో!

తండ్రైతే తెర బయటే నిలబడి, కూతురితో ప్రభువు ముందు సేవకుడిలా మాట్లాడతాడు. ఉప్పూ పచ్చడీ తిని నూలుబట్ట కట్టుకునే పల్లెవాళ్ళు కూడా అయినవాళ్ళతో కలిసి ఉంటారు, మనకేమో ఇంత సంపదున్నా ఎడబాటే అంటుందామె. దానికి ఆయన చెప్పేది ఒక పెద్ద ఉపన్యాసం. నాకు ఒళ్ళు మండింది.

ఆమె చదువు నేర్పిన తమ్ముడు బావ్‌యూని మాత్రం లోపలికి పిలిపించి, తలా మెడా నిమిరి, పొడుగయ్యావురా అంటూనే కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

రాత్రి మూడు కావొస్తుండగా టైమైందని సేవకులు గుర్తుచేస్తారు. మళ్ళీ ఏడాది అనుమతి దొరికితే ఇంత ఖర్చు పెట్టొద్దని చెప్పి, పట్టుకున్న చేతులు వదల్లేక వదిలి వెళ్తుంది. మళ్ళీ రాదు.

చదవాలనుంటే డేవిడ్ హాక్స్ ఇంగ్లీషు అనువాదం తీసుకోండి. పేర్లు చూసి కంగారు పడకండి, నేను అట్ట వెనక వంశవృక్షం గీసుకుని చదివాను. ఈ రాత్రి 18వ అధ్యాయంలో ఉంటుంది.