పొర మెరుస్తుందా, వెలుగుతుందా?

సందేహం: "యూరోపియం మలినం గల ఇట్రియం ఆక్సైడ్ పలుచని పొర, అతినీలలోహిత కిరణాలు పడితే ఎర్రగా మెరుస్తుంది" అని రాశాను. మా గైడ్ 'మెరుస్తుంది' కొట్టేసి 'ఎర్రని కాంతిని వెలిగిస్తుంది' అని దిద్దారు. ఏది ఒప్పు? యూరోపియం లాంటివాటిని 'అరుదైన లోహాలు' అనవచ్చా? – ఒక పరిశోధక విద్యార్థి

సమాధానం: రెండు క్రియలూ ఇక్కడ కుదరవు.

మెరవడం రెండు రకాలు. ఆకాశంలో మెరుపు తళుక్కుమని మాయమవుతుంది. కత్తి మెరిస్తే అది సొంత వెలుగు కాదు, పైన పడ్డ వెలుగే తిరిగి మన కంటికి వస్తుంది. మీ పొర విషయంలో ఈ రెండోదే చిక్కు తెస్తుంది. గాజు పలక మీద నునుపుగా పరుచుకున్న ఆక్సైడ్ పొర మామూలు గది వెలుతురులో కూడా మెరుస్తుంది. యూరోపియం లేకపోయినా మెరుస్తుంది! అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు కనిపించే ఎరుపు వేరు. కంటికి కనబడని కిరణాల శక్తిని పీల్చుకుని, సుమారు 611 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పొర తనంతట తాను ఇచ్చే కాంతి అది. కాబట్టి 'ఎర్రగా వెలుగుతుంది' అనండి. ఒకే పేరాలో రెండూ చెప్పాల్సి వస్తే ఈ తేడా మరీ అవసరం.

'కాంతిని వెలిగిస్తుంది' వ్యాకరణానికి లొంగినా వాడుకకు లొంగదు. దీపాన్ని వెలిగిస్తాం, కాంతిని వెలువరిస్తాం. మీ గైడ్‌తో గొడవ పెట్టుకోకుండా 'ఎర్రని కాంతిని వెలువరిస్తుంది' అంటే సరిపోతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే కర్తను మార్చండి: 'పొరలోని యూరోపియం అయాన్లు ఎర్రని కాంతిని వెలువరిస్తాయి.' ఆక్సైడ్ వాటికి ఆశ్రయమిచ్చిన ఇల్లు మాత్రమే. ఎరుపు దాని జాతివే అయిన ఎర్బియంది కాదు, టెర్బియంది కాదు, యూరోపియందే. టెర్బియం కలిపితే ఆకుపచ్చ వస్తుంది.

'మలినం' పాఠ్యపుస్తకాల మాటే, తప్పు పట్టలేం. అయినా కావాలని, కొలిచి కలిపినదాన్ని మలినం అంటే నాకు మింగుడుపడదు. ఇలా కలపడానికి 'మాదీకరణం' (డోపింగ్) అన్న మాట కూడా పుస్తకాల్లో ఉంది గానీ, మాదకద్రవ్యాలే ముందు గుర్తొస్తాయి. 'యూరోపియం కలిపిన' అనండి, లేదా ల్యాబ్‌లో అనే 'డోప్ చేసిన' వాడండి.

'అరుదైన లోహాలు' మాత్రం వద్దు. చదివేవారు బంగారం, ప్లాటినం అనుకుంటారు. పైగా ఈ జాతిలోని సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి అంత ఉంది. 'విరళ మృత్తిక మూలకాలు' అన్న స్థిరపడిన పేరే వాడండి.